రాహుకాలంలో ఇచ్చిన కార్డు

కౌంటరులో కొత్తగా కూర్చునే పిల్లలకు ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. గిఫ్టు కార్డు చాలా తేలికగా ఉంటుంది. దాన్ని అంత తేలికగా మనిషి చేతిలో పెట్టకండి. నేను ఒక శుక్రవారం అలా పెట్టాను. వారం తిరగకముందే ఐరాల దగ్గర ఒక ఇంట్లో, ఎనిమిదేళ్ల తర్వాత కలవబోతున్న అన్నాచెల్లెళ్లు మళ్లీ విడిపోయేదాకా వచ్చింది. 

నేను తిరుపతిలో ఒక బట్టల దుకాణంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. దాని పేరు రాయను, అన్నం పెట్టిన చోటు. మొదట చీరలు మడతలు పెట్టాను, తర్వాత బిల్లులు రాశాను, చివరికి గిఫ్టు కార్డుల కౌంటరు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ కాగితం ఇచ్చారు అన్నవి మీకు పనికిరావు. తప్పులు పనికివస్తాయి. అవే రాస్తాను.

నేను బడికి పోలేదు. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, ఇల్లు నా మీద పడింది. తిరుచానూరులో ఒక లాడ్జిలో గుమాస్తాగా ఉన్న మా నాయన సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. మా ఇంట్లో ప్రతి ఏడూ కొత్తది వచ్చే పుస్తకం పంచాంగం ఒక్కటే. కూడికలూ తీసివేతలూ అందులోని గడియలతోనే నేర్పాడు. ఏ వారం రాహుకాలం ఎప్పుడో నాకు రెండో ఎక్కం కంటే ముందు వచ్చింది. పెద్దయ్యాక ఓపెన్ యూనివర్సిటీ పరీక్ష రాసి డిగ్రీ తెచ్చుకున్నాను. నాయన చెప్పిన ఆ చదువే నన్ను నిలబెట్టింది, అమ్మవారి దయ. నన్ను ముంచబోయిందీ ఆ చదువే.

ప్రాణం లేని కార్డు

అంతకు ముందు మా దుకాణంలో కాగితం కూపన్లు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు మద్రాసు హెడ్డాఫీసు నుంచి ఒక పెట్టె నిండా కార్డులు వచ్చాయి. ముందు వైపు దీపం బొమ్మ. వెనక నల్లటి పట్టీ, దాని కింద పదహారు అంకెలు, ఆ కింద వెండిరంగు పూత. పూత గీకితే నాలుగంకెల రహస్య నంబరు కనబడుతుంది. ఎవరికి బహుమతిగా ఇస్తారో వాళ్లు వచ్చి కావలసిన బట్టలు తీసుకుని కార్డు ఇస్తే, మెషీనులో గీసి ఆ నంబరు కొట్టించుకుంటాం.

పెట్టెలోంచి తీసిన కార్డుకు విలువ లేదు. కొనేవాళ్లు డబ్బు కట్టాక మేము దాన్ని మెషీనులో గీసి, మొత్తం కొట్టి, ఫోను లైను మీద మద్రాసుకు పంపాలి. అక్కడి నుంచి సరే అని వస్తే ఒక చిన్న చీటీ బయటికి వస్తుంది. అప్పుడు కార్డు పని మొదలుపెడుతుంది. దాన్నే యాక్టివేషన్ అన్నారు. అర్థంకాని వాళ్లకు నేను ఇలా చెప్పేదాన్ని: శిల్పి చెక్కి పక్కన పెట్టిన రాయికి ఎవరూ హారతి ఇవ్వరు, ప్రాణప్రతిష్ఠ జరిగాకే దేవుడు. ఈ కార్డూ అంతే. మా ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ రెండోసారి అడిగేవాళ్లు కాదు. అంత బాగా చెప్పగలిగిన నేను ప్రాణం పోయకుండా ఒక కార్డును గడప దాటించాను. ఆ సంగతికి వస్తాను. ముందు ఇంకొకటి ఉంది.

మైకులో చదివిన అంకెలు

కార్డులు వచ్చిన మొదటి ఏడాదే ఒక పెళ్లివారు వచ్చారు. పెళ్లికూతురికి ఎవరో బంధువు మా కార్డు ఇచ్చాడు. నాలుగు రోజులకు పిల్లను తీసుకుని తల్లి వచ్చింది. మెషీనులో గీస్తే అందులో మిగిలింది పదిహేను రూపాయలు.

నేను నిర్ఘాంతపోయాను. చీటీలు వెతికితే పెళ్లి మర్నాడే ఎవరో దాని మీద పంచెలూ దుప్పట్లూ కొనుక్కుని పోయినట్టు తేలింది. కార్డు మాత్రం పెళ్లికూతురి పసుపు సంచిలోనే ఉంది. అదెలాగ?

మా వైపు పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదువుతారు, మీకు తెలుసు. ఆ పెళ్లిలో చదివింది రిటైరైన ఒక అయ్యవారు. ఇంతవరకు ఒక్క పేరు తప్పు చదివి ఎరగడట. కార్డు చేతికి వచ్చింది, దాని మీద ఎంత మొత్తమో రాసిలేదు. వెండి పూత కింద ఉంటుందేమోనని తాళంచెవితో గీకాడు. నాలుగంకెలు కనబడ్డాయి. సరే, ఉన్నదంతా చదవడం తన ధర్మం అని పదహారు అంకెలూ చదివి, ఈ నాలుగూ చదివి, వెనక బంతిలో వాళ్లకు వినబడలేదేమోనని ఇంకొకసారి చదివాడు. పాపం ఆయన కూడా వాళ్లతో వచ్చాడు. ‘‘ఒక్క అంకె తప్పు చదివింటే నన్ను అడగండి’’ అన్నాడు. ఆయన తప్పు చదవలేదు. భోజనాల దగ్గర కూర్చున్న వాళ్లలో ఎవరో అంతే తప్పులేకుండా రాసుకున్నారు.

తప్పు ఆయనది అనుకుంటే సుఖమే. కానీ మాదే. కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చామంటే, అంకెలూ రహస్య నంబరూ కాగితం మీద రాసి ఇచ్చినా మేము సరుకు ఇచ్చేసేవాళ్లం. మంచితనం అనుకున్నాం. దొంగ గోడకు కన్నం వేయలేదు. మా మంచితనంలోంచి నడిచి వచ్చాడు.

ఆనాటి నుంచి కార్డు చేతిలో లేనిదే గుడ్డ ముక్క ఇవ్వలేదు. కొనేవాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదాన్ని. పూత గీకి ఉంటే ఆ కార్డు తీసుకోవద్దు, అది ఎవరో చూసిన కార్డు. ఎవరికి ఇస్తారో వాళ్లే, బట్టలు తీసుకునే రోజే, కౌంటరు ముందే గీకాలి. ఎవరు ఫోను చేసి అడిగినా, దుకాణం నుంచే అని చెప్పినా, ఆ నాలుగంకెలు చెప్పొద్దు. మైకు ముందు పేరు ఒక్కటే చదవమనండి. ఇలా చెప్పి చెప్పి నాకు జాగ్రత్తపరురాలు అని పేరు వచ్చింది. ఆ పేరు వచ్చాకే అసలు తప్పు చేశాను.

శుక్రవారం పదకొండు గంటలు

ఒక శుక్రవారం ఉదయం పదకొండు గంటలప్పుడు నా కౌంటరుకు ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా చేతుల మీద బెల్లం పాకం చుక్కలు ఎండి ఉన్నాయి. ఐరాల పక్క పల్లె, పేరు మునిరత్నం, చెరకు పండించి గానుగ ఆడించి బెల్లం వండే రైతు. అప్పటికే గంటసేపు చీరల వైపు తిరిగి, ఏదీ తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

చెల్లెలు కస్తూరి కూతురికి వచ్చే బుధవారం ఓణీల పండగ. మేనమామ పావడా ఓణీ తీసుకుపోవాలి. పిల్ల ఎంత ఎత్తు ఉంటుంది, ఏ రంగు ఇష్టం అని అడిగాను.

‘‘రెండో క్లాసు చదవతా ఉన్నింది పాపా, నేను సూసినప్పుడు’’ అన్నాడు.

బావ గంగాధరంతో మాటలు పోయి ఎనిమిదేళ్లట. ఎందుకు పోయాయో తర్వాత ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు. ఒకదానికొకటి పొంతన లేదు, అందుకే రాయను. ఆ ఎనిమిదేళ్లూ ఆయన చెల్లెలి గడప దాటలేదు. ఇప్పుడు ఊరి పెద్దలు చెప్పగా చెప్పగా, మేనమామ లాంఛనం కాబట్టి రమ్మను అన్నాడట గంగాధరం. 

కార్డు సంగతి నేనే చెప్పాను. పిల్లకు నచ్చింది పిల్లే తీసుకుంటుందని. ఆయన మొహం వెలిగింది. శనివారం పోయి గడప బయట నిలబడి కార్డు చెల్లెలి చేతికి ఇస్తాడు, సోమవారం వాళ్లు దుకాణానికి వస్తారు, బుధవారం తాను గడప దాటుతాడు. అంతా కుదిరింది. ఐదువేలు లెక్కపెట్టి ఇచ్చాడు, రసీదు కొట్టి ఇచ్చాను. కార్డు మెషీను దగ్గరకు తీసుకుపోతుంటే ఆపాడు.

‘‘పాపా, ఇప్పుడు రాహుకాలం గదా?’’

శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. నాకు తెలియదా. మరి డబ్బు ఎలా కట్టారు అని అడిగాను.

‘‘పోయేదానికి రాహుకాలమేముండాది? వచ్చేదానికే’’ అన్నాడు. ‘‘ఇది పిల్లకు వచ్చే వస్తువు. నువ్వే అంటివి గదా దానికి ప్రాణం పోస్తామని. ఆ పని పన్నెండు దాటినాక చెయ్యి.’’

కూర్చోండి, గంటే కదా అన్నాను. కుదరదు, పొయ్యి మీద పెనం ఉంది, పాకం ఎవరి కోసమూ ఆగదు, పదకొండున్నర బస్సు పోతే మళ్లీ ఎప్పుడో అన్నాడు. నిజానికి ఆయన కోరింది నా మనసుకూ నచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదలయ్యే మంచి పనిని రాహుకాలంలో మొదలుపెట్టడానికి నా చెయ్యి కూడా ఆడలేదు. కార్డు మీరు తీసుకుపోండి, పన్నెండు దాటగానే దాని అంకెలు కొట్టి ఇక్కడి నుంచే ప్రారంభిస్తాను అని మాట ఇచ్చాను. అలా చేయడానికి మెషీనులో వీలు ఉండేది. చేయకూడదని రూలూ ఉండేది.

కార్డు అంకెలూ, ఆయన పేరూ, పక్కింటి వాళ్ల ఫోను నంబరూ ఒక చీటీ మీద రాశాను. కింద ‘పన్నెండు తర్వాత’ అని గీత గీశాను. అమ్మవారి రక్షణ ఉంటుందని ఆ చీటీని నా కౌంటరు మీద ఉన్న పద్మావతమ్మ పటానికి ఆనించి పెట్టాను. ఆయన రెండు చేతులతో కార్డు కళ్లకద్దుకుని పోయాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలు ఉండగా పులికాట్ వైపు నుంచి ఒక పెళ్లిబృందం దిగింది, నలభై మంది ఆడవాళ్లు. ఆ తర్వాత ఫోను లైను పోయింది. ఆ తర్వాత ఆకలి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. మీరు చేయబోయే తప్పులకూ పెద్ద కారణాలు ఉండవు.

పటం వెనక చీటీ

సోమవారం నాకు సెలవు. మంగళవారం ఉదయం దుకాణం తెరిచే వేళకు వచ్చాను. పక్క కౌంటరులో బిల్లులు కొట్టే లత ఒక కార్డు నా ముందు పెట్టింది. వెండి పూత గీకి ఉంది.

నిన్న ఒక కుటుంబం వచ్చిందట. తల్లి, తండ్రి, పదిహేనేళ్ల పిల్ల. పిల్ల రెండు గంటలు చూసి వంకాయరంగు పట్టు పావడా, మామిడిపిందెల అంచు ఓణీ తీసుకుంది. బిల్లు కొట్టి కార్డు గీస్తే మెషీను ఒప్పుకోలేదు. మూడుసార్లు గీసింది. అందులో ఏమీ లేదండీ అని చెప్పింది లత. వెనక వరసలో జనం. ఆ తండ్రి గట్టిగా ఏమీ అరవలేదట. కార్డు కౌంటరు మీద పెట్టి భార్యతో అన్నాడట: ‘‘సూస్తివా మీ అన్నను. ఎనిమిదేండ్లకు ఒక అట్టముక్క ఇచ్చినాడు, నలుగురిలో తలకాయ వంచేదానికి.’’ పిల్ల ఆ పావడా తనే మడతపెట్టి పక్కన పెట్టి వెళ్లిపోయిందట.

విని నాకు ఒళ్లు మండింది. పిల్లకు ఖాళీ కార్డు ఇచ్చే మేనమామ కూడా ఉంటాడా అనిపించింది. ‘‘ఎంత సిగ్గులేని మనిషి’’ అని పైకే అన్నాను. అది నా నోటి నుంచి వచ్చిన మాట, దాచుకోను.

అలా అంటూనే రోజూ చేసినట్టే పటానికి ఉన్న వాడిన పూలు తీసి, దుమ్ము తుడవడానికి ఆ రోజు పటాన్ని కూడా ఎత్తాను. వెనక్కి జారిపోయి ఉన్న చీటీ నా చేతిమీద పడింది.

నా రాత. నా గీత. ‘పన్నెండు తర్వాత’. ఒక మూల కుంకుమ అంటుకుని ఉంది. శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం, మూడు పూటలు ఆ పటం ముందు నిలబడి చేతులు జోడించాను. నేను చేయవలసిన పని ఆ పటం వెనకే ఉంది. నేను దేవికి దండం పెట్టాను గాని ఆమె దగ్గర దాచిన మాటను అడగలేదు.  ఆ చీటీ తీసి లత ముందు పెట్టాను.

లతను తప్పుపట్టలేను. ఆ మెషీను ఖాళీ కార్డుకూ, ఇంకా ప్రారంభం కాని కార్డుకూ ఒకే మాట చూపేది, చెల్లదు అని. కానీ ఆ రెండూ ఒకటి కావు. ఒకటి వాడేసిన కార్డు, ఒకటి పుట్టని కార్డు. మెషీను వద్దన్న వెంటనే ‘ఇందులో ఏమీ లేదు’ అని ఎప్పుడూ అనకండి. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు కొన్నారు, రసీదు ఉందా అని అడగండి. హెడ్డాఫీసుకు ఫోను చేయండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు లేకనే మునిరత్నం పది మందిలో మోసగాడు అయ్యాడు.

అప్పటికప్పుడు ఆ కార్డు ప్రారంభించాను. మంగళవారం. మా వైపు ఎవరూ మంచిపని మొదలుపెట్టని వారం. మెషీను కిర్రుమని చీటీ ఇచ్చింది, అంతకు ముందు రోజే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో తెలియనట్టు.

మేనేజరు గారి సలహా

మా మేనేజరు గారు చెడ్డవారు కాదు. మా అమ్మ పోయినప్పుడు అడగకుండానే పది రోజులు సెలవు ఇచ్చారు, ఆ ఋణం నాకుంది. కానీ ఆయన దగ్గరికి చీటీ పట్టుకుని పోతే తలుపు వేసి చెప్పిన మాట విని విస్తుపోయాను. మెషీను తప్పు అని చెప్పు అన్నారు. మెషీనుకు పెళ్లాం పిల్లలు లేరు, ఉద్యోగం పోదు. నీ చీటీ చించేయ్.

అందులో నా మీద దయ కూడా ఉంది. అదే నన్ను భయపెట్టింది. అంత దయగా అబద్ధం చెప్పించవచ్చని నాకు తెలియదు.

బయటికి వచ్చి మునిరత్నం పక్కింటికి ఫోను చేశాను. ఆయనను పిలుచుకువచ్చారు. జరిగింది చెప్పాను, తప్పు నాది అన్నాను.  ఆయన మెల్లగా చెప్పాడు. సోమవారం సాయంత్రమే గంగాధరం మనిషిని పంపాడట: డబ్బు పెట్టింది నిజమైతే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమను, అప్పుడే నా గడప దాటమను అని. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేసి అబద్ధమాడితే నిలవదని మా జిల్లాలో అందరి నమ్మకం. మునిరత్నం పోనన్నాడు. పండగకూ రానన్నాడు.

రసీదు ఉంది కదా, చూపించలేదా అని అడిగాను.

‘‘జేబులోనే ఉండాది పాపా. సూపీను’’ అన్నాడు. ‘‘కాయితం సూపించి నమ్మించుకొనే కాడికి వస్తే ఇంగ చుట్టరికం యాడుండాది?’’

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ‘‘నా మాట ఇని ఆగినావు. రాహుకాలం అడిగింది నేనే గదా’’ అని తప్పును తన వైపు లాక్కుని ఫోను పెట్టేశాడు.

మర్నాటికి సెలవు అడిగితే మేనేజరు గారు ఇవ్వలేదు. తెల్లవారి మొదటి బస్సు ఎక్కాను. తర్వాత ఆ రోజు జీతం కోసి, మెమో కాగితం ఒకటి చేతికిచ్చారు. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నా ఉద్యోగంలో నాకు దొరికిన కాగితాలన్నిటిలో నేను దాచుకున్నది అదొక్కటే.

ఐరాల

చిత్తూరులో బస్సు మారి ఐరాల చేరేసరికి పదిన్నర దాటింది. ఓణీల పండగ ఇల్లు ఏదని అడుగుతూ పోతే, షామియానా కింద జనం. పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. మేనమామ బట్టలు పెట్టవలసిన పళ్లెం ముందు ఖాళీగా ఉంది, పెదనాన్న బట్టలు పెడితే సరిపోతుందని ఒకరు, అట్లెట్లా అని ఒకరు. కస్తూరి గడప లోపల స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కూతురి పండగలో తల్లిలాగా లేదు.

గంగాధరాన్ని పక్కకు రమ్మన్నాను. ఆయన కదల్లేదు.

‘‘మా బావ పంపించినాడా మిమ్మల్ని?’’ అన్నాడు.

లేదు, నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు, నేనే వచ్చాను అన్నాను.

‘‘నలుగురిలో పొయ్యిన మానం. చెప్పేదేందో నలుగురిలోనే చెప్పండి.’’

న్యాయమే. అందరి ముందూ చెప్పాను. శుక్రవారం ఆయన వచ్చింది, ఐదువేలు కట్టింది, రాహుకాలమని ఆగమన్నది, నేను మాట ఇచ్చి మరిచిపోయింది. కుంకుమ అంటిన చీటీ చూపించాను, కార్డు చూపించాను, మంగళవారం వచ్చిన చీటీ చూపించాను.  ఒక ముసలావిడ కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘‘దీన్ని సుట్టుకుంటాదా పిల్ల?’’ అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

గంగాధరం కార్డు వైపు కూడా చూడలేదు. నమ్మలేదేమో అనుకున్నాను. అప్పుడు నేను రాత్రంతా అనుకున్న మాట అన్నాను. ‘‘మీరు అడిగిన ప్రమాణం ఆయనది కాదు, నాది. కాణిపాకం దగ్గరే కదా. పదండి, తడిబట్టలతో నేను చేస్తాను.’’

ఆయన నా వైపు చూశాడు. చూపు దించుకున్నాడు.

‘‘వొద్దులేమ్మా. మీరంత దూరం నుంచి వచ్చి అబద్దమెందుకు చెప్తారు? నమ్మినాను.’’

 అయిపోయింది అనుకున్నాను. అప్పుడు గడప లోపలి నుంచి కస్తూరి మాట వినబడింది. గట్టిగా కాదు. నీళ్లు అడిగినంత మామూలుగా.

‘‘ఎవరో అంగట్లో పనిచేసే ఆమె చెప్తే ఒక్క మాటకు నమ్మినావు. మా అన్నను ప్రమాణం అడిగినావు.’’

  నేను నా తప్పు దిద్దడానికి వచ్చాను. దిద్దవలసింది అంతకంటే లోపల ఉందని అప్పుడు తెలిసింది. నా మరుపు ఆ ఇంట్లో పగులు తేలేదు. ఉన్న పగులును చూపించింది, అంతే. అయినా చూపించే హక్కు నాకు లేదు.

గంగాధరం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వాకిట్లో ఉన్న మోపెడ్ స్టార్టు చేసి పోయాడు.

ముహూర్తం పదకొండు ముప్పావు దాకా. పంతులు గారు రెండుసార్లు గడియారం చూశారు. పిల్ల పీట మీద నుంచి లేవనంది, మామ వచ్చేదాకా ఎవరి బట్టలూ వద్దంది. ముహూర్తం పోయింది. పన్నెండు కొట్టింది. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర రాహుకాలం. ఈ సంగతి నాకొక్కదానికే గుర్తుంది అనుకున్నాను, కాదు, అందరూ వేళ్లు లెక్కపెడుతున్నారు.

పన్నెండుంబావుకు మోపెడ్ వచ్చింది. వెనక మునిరత్నం, అదే పాకం చుక్కల చొక్కాతో, ఒళ్లో అరిటాకులో చుట్టిన బెల్లం దిమ్మె. బావ ఏమని పిలిచాడో, ఈయన ఏమన్నాడో ఆ దోవకే తెలుసు. దిగి నడిచి వచ్చి గడప ముందు ఆగాడు.

ముసలావిడ అడ్డం వచ్చింది. ‘‘రాహుకాలం నాయనా. ఒకటిన్నర దాకా ఈడనే పంచలో కూచో. నీకు తెలీనిదేముండాది.’’

అందరూ ఆయన వైపు చూశారు. నేను ఇంకా ఎక్కువ చూశాను. ఐదువేల రూపాయల కార్డును గంటసేపు ఆపమన్న మనిషి.

ఆయన లోపలికి చూశాడు. స్తంభం దగ్గర చెల్లెలు, పీట మీద ఎవరో పెద్దపిల్ల. రెండో క్లాసు పిల్లను వెతుకుతున్నట్టు చూశాడు.

‘‘మంచి గెడియలన్నీ ఎనిమిదేండ్లుగా పోతానే ఉన్న్యాయి గదమ్మా’’ అని గడప దాటాడు.

పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, బెల్లం దిమ్మె పెట్టి, పావడా ఉండవలసిన చోట, ముసలావిడ దగ్గరున్న మా కార్డు తీసుకుని పెట్టాడు. పిల్ల రెండు చేతులతో అందుకుంది. ‘‘వంకాయరంగుది సూసిపెట్టుకున్నా మామా, నువ్వూ రావల అంగడికి’’ అంది. తర్వాతి వారం ముగ్గురూ నాలుగోవాడైన మామతో వచ్చారు. ఆ పావడా లత దాచి ఉంచింది. మెషీను ఈసారి ఒక్క గీతకే ఒప్పుకుంది. కానీ నాకు గుర్తున్నది ఆ రోజు కాదు.

ఐరాలలో ఆ పళ్లెం చదివింపుల బల్ల దగ్గరికి వచ్చింది. మైకు పట్టుకున్నాయన కళ్లద్దాలు సవరించుకుని కార్డు తిప్పి అంకెలు చదవబోయాడు. వెండి పూత ముందే గీకి ఉంది. నేను పరుగున పోయి, అడగకుండానే, అంకెల మీద అరచెయ్యి పెట్టాను.

పేరు ఒక్కటి చదవండి చాలు అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూసి, మైకులోకి చదివాడు. మేనమామ మునిరత్నం. వెనక వాళ్లకు వినబడలేదేమోనని ఇంకొకసారి చదివాడు.